తుపానూ రాలేదు, తోకచుక్కా రాలేదు

2013 నవంబరు ఆఖరి వారంలో వైజాగ్ జనమంతా లెహర్ తుపాను భయంతో టీవీలకి అతుక్కుపోయి ఉంటే, మేం ఓ ఐదారుగురం మాత్రం దాంతోపాటు ఐసాన్ అనే తోకచుక్క కోసం కూడా కాచుక్కూర్చున్నాం. తుపాను 28వ తేదీన తీరం దాటుతుందన్నారు. తోకచుక్కేమో అదే రాత్రి పన్నెండు దాటాక, పన్నెండుంబావు ప్రాంతంలో సూర్యుణ్ణి చుట్టి ఇవతలికి వస్తుందన్నారు. ఇంట్లోవాళ్ళు కొవ్వొత్తులు, బిస్కెట్లు, బ్యాటరీలు కొని పెట్టుకుంటుంటే నేను కంప్యూటర్‌కి కొత్త యూపీఎస్ కొన్నాను. ఎందుకని అడిగితే తుపాను కోసమే అన్నాను.

ఐసాన్ గోల ఏడాది ముందే మొదలైంది. 2012 సెప్టెంబరు 21న రష్యాలో కిస్లోవోద్స్క్ దగ్గర 40 సెంటీమీటర్ల టెలిస్కోపుతో విటాలీ నెవ్‌స్కీ, ఆర్త్యోమ్ నోవిచోనోక్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. అప్పటికది గురుగ్రహం కన్నా దూరంలో ఉంది. అంత దూరంలోనే కనిపించిందంటే సూర్యుడి దగ్గరికొచ్చేసరికి ఎంత వెలుగుతుందో అని లెక్కలేశారు, పున్నమి చంద్రుణ్ణి మించిపోతుందని కొందరు రాసేశారు, ఇంకేముంది, పేపర్ల నిండా 'శతాబ్దపు తోకచుక్క'. మా పక్కింటి పిన్నిగారు అప్పట్లో రాష్ట్రం విడిపోయే గొడవ కూడా దీని ఖాతాలోనే వేసేశారు. తోకచుక్క కనిపిస్తే రాజ్యానికి కీడంట కదా బాబూ అనేవారు. ఇంకా కనిపించలేదండీ అంటే, కనిపించకముందే ఇంత గొడవైతే కనిపించాక ఏమవుతుందో అనేవారు.

మా గుంపులో అసలు మనిషి షిప్‌యార్డు మావయ్య. నాకు వరసకి ఏమీ కారు, మా వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆరంగుళాల టెలిస్కోపు అద్దాన్ని సొంతంగా అరగదీసుకున్నారాయన. రెండు గాజు బిళ్ళల మధ్య కార్బోరండం పొడి, నీళ్ళు వేసి, పైదాన్ని ముందుకీ వెనక్కీ రుద్దుతూ, కాస్త కాస్త తిప్పుతూ నెలల తరబడి. పైబిళ్ళ గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది, ఆ గుంటే మనకి కావలసిన అద్దం. వంపు సరిగ్గా వచ్చిందో లేదో చీకటి గదిలో ఒక చిన్న బల్బు, ఒక గడ్డం బ్లేడు పెట్టి చూసేవారు. ఆ తర్వాత అల్యూమినియం పూత వేయించుకొచ్చారు. గొట్టం మాత్రం మామూలు ప్లంబింగ్ పైపు.

ఆ అద్దాన్ని ఆయన ఎప్పుడూ టెలిస్కోపులో వదిలేసేవారు కాదు. మన సముద్రపు గాలికి పూత తినేస్తుందని ప్రతిసారీ విప్పి, అత్తయ్యగారి పాత వాయిల్ చీర ముక్కలో చుట్టి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెట్టేవారు. డబ్బా మీద నల్ల పెయింటుతో 'పప్పు కాదు' అని రాసి ఉండేది, ఇంట్లో ఒకసారి ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడాది హుద్‌హుద్ వచ్చి వాళ్ళ డాబా మీద రేకుల షెడ్డు ఎగరగొట్టేసి, పైపు ఎక్కడో విరిగి పడితే, అద్దం మాత్రం ఆ డబ్బాలో చెక్కుచెదరలేదు.

మావయ్యకి ఐసాన్ మీద నమ్మకం లేదు. దానికి కారణం రెండు తోకచుక్కలు. 1965 అక్టోబరు చివర్లో ఆయనింకా నిక్కర్ల వయసు. పాకిస్తాన్‌తో యుద్ధం అప్పుడే ఆగింది. వాళ్ళ నాన్న పోర్టులో కలాసీ, నైట్ డ్యూటీ నుంచి వచ్చి, నిద్రపోతున్న కొడుకుని లేపి సముద్రం ఒడ్డుకి లాక్కుపోయాడట. ఇంకా తెల్లవారలేదు, నీళ్ళలోంచి తెల్లటి తోక నిటారుగా లేచి ఉంది, తల ఇంకా నీళ్ళ కిందే ఉంది. "ముందు తోక లేచిందిరా, తల తర్వాత వచ్చింది, ఆ తర్వాత సూర్యుడు" అని చెప్పేవారు. తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటుంది కాబట్టి సూర్యుడు లేచేముందు తూర్పున కనిపించే తోకచుక్క అలాగే లేస్తుంది. కానీ ఆ సంగతి తెలియని పిల్లాడికి అదెలా కనిపించి ఉంటుందో చూడండి. అది ఇకేయా-సెకి. అక్టోబరు 21న సూర్యుణ్ణి రాసుకుంటూ పోయి, పట్టపగలే సూర్యుడి పక్కన కనిపించిన తోకచుక్క.

రెండోది 1973 చివర్లో వచ్చిన కోహౌతెక్. దాన్ని కూడా శతాబ్దపు తోకచుక్క అన్నారు. అప్పటికి మావయ్య ఉద్యోగంలో చేరారు, వీధిలో వాళ్ళందరినీ కూడగట్టి డాబా ఎక్కించారు. ఎక్కినవాళ్ళు ఏమీ కనపడక దిగిపోయారు, ఆ తర్వాత చాలా ఏళ్ళు "ఏరా, చుక్క వచ్చిందా" అని ఆటపట్టించారు. అందుకే ఐసాన్ వార్త చదివినప్పుడే ఆయన అన్నారు, "ఇది మొదటిసారి వస్తున్న బాపతు, వీటి లెక్కలు నమ్మకు" అని. నిజానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణమూ అదే. సౌరకుటుంబం అంచుల్లో ఉండే మంచుముద్దల గుంపు ఊర్ట్ మేఘం నుంచి తొలిసారి సూర్యుడి వైపు వచ్చే తోకచుక్కల పైపొరల్లో ఇట్టే ఆవిరైపోయే మంచు ఉంటుంది, అది దూరంలోనే ఆవిరై దాన్ని ఉన్నదానికన్నా గొప్పగా చూపిస్తుంది. దగ్గరికొచ్చాక ఆ జోరు ఉండదు.

ఇంకొకడు ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే కుర్రాడు. వాడికి టెలిస్కోపు అక్కర్లేదు, రాత్రి మేలుకోవడమూ అక్కర్లేదు. సోహో అని 1995 డిసెంబరులో ఎగిరిన వ్యోమనౌక ఒకటి భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల సూర్యుడికేసి చూస్తూ ఉంటుంది. దాని కెమెరా ముందు ఒక బిళ్ళ అడ్డం పెట్టి సూర్యుణ్ణి మూసేస్తారు, అప్పుడు పక్కనున్నవన్నీ కనిపిస్తాయి. ఆ ఫొటోలు ఎవరైనా చూడొచ్చు. వరసగా నాలుగైదు ఫొటోల్లో ఒక చిన్న మచ్చ సూర్యుడివైపు జరుగుతూ కనిపిస్తే అది తోకచుక్క కావచ్చు, ఎక్కడుందో కొలిచి పంపించాలి. అలా 2010 డిసెంబరు నాటికే రెండు వేలు దాటాయి, అందులో చాలా భాగం ఇళ్ళలో కూర్చున్న మామూలు మనుషులు పట్టినవే. వీడు రెండుసార్లు పంపాడు, రెండుసార్లూ ఎవరో ముందే పంపేశారు. ఆ చిన్నచిన్న మచ్చల్లో ఎక్కువ భాగం క్రాయిట్జ్ కుటుంబానివి, అంటే ఎప్పుడో ముక్కలైన ఒక పెద్ద తోకచుక్క తాలూకు నలుసులు. ఇకేయా-సెకి కూడా ఆ కుటుంబందే, 1882లో పట్టపగలు కనిపించిన పెద్ద తోకచుక్కా ఆ కుటుంబందే.

1882 మాటొస్తే మావయ్య ఆగేవారు కాదు. మన ఊళ్ళో డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావుగారు 1840లలోనే సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు, ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు నడిపించారు, 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే చూశారు. అంత పెద్ద తోకచుక్క వస్తే చూడకుండా ఊరుకుని ఉంటారా అని మావయ్య వాదన. ఇవాళ డాబాగార్డెన్స్‌లో తలెత్తితే హోర్డింగులు తప్ప ఏమీ కనిపించవు, అది వేరే సంగతి.

మూడోవాడు ఫొటో స్టూడియోవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో దొరకడు, మిగతా రోజుల్లో మాతోనే. వీడి గురించి చివర్లో చెప్తాను.

ఆ ఏడాది అక్టోబరులో మాకు అనుకోని అదృష్టం ఒకటి పట్టింది. అదృష్టం అంటే జనం తిడతారేమోగానీ, సమైక్యాంధ్ర కోసం కరెంటు ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు రాత్రుళ్ళు ఊరు ఊరంతా చీకటి. దోమలు, ఉక్కపోత, నీళ్ళు లేవు, అందరూ డాబాల మీద విసనకర్రలతో. ఎంవీపీ కాలనీలో డాబా మీద నిలబడితే పాలపుంత కనిపించింది. మా ఇంట్లో పిల్లలు అదేంటి మబ్బా అని అడిగారు. ఆ వెంటనే ఫైలిన్ తుపాను, 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మనకి తప్పింది. నవంబరు 5న మంగళయాన్ ఎగిరింది. ఐసాన్ అంతకు నెల ముందే, అక్టోబరు 1న, అంగారకుడి పక్కనుంచి పోయింది. కాస్త తొందరగా పంపాల్సింది, దారిలో ఫొటో తీసేదని ఫొటో స్టూడియోవాడి బాధ.

నవంబరు మధ్యలో ఐసాన్ ఒక్కసారిగా వెలిగింది. 14వ తేదీ ప్రాంతంలో లోపలి నుంచి ఏదో పగిలినట్టు వాయువు చిమ్మి, బైనాక్యులర్‌కి హాయిగా అందేంత అయింది. ఇక మావయ్యకి కూడా ఆశ పుట్టింది. తెల్లవారుజామున మద్దిలపాలెం దగ్గర కలుసుకుని, బైకుల మీద పైపు అడ్డంగా పట్టుకుని, రుషికొండ దాటి మంగమారిపేట దాకా పోయేవాళ్ళం. ఊరి వెలుతురు వెనక్కిపోతుంది, ఎదురుగా తూర్పంతా సముద్రమే. తోకచుక్కలు చూడ్డానికి ఇంతకన్నా మంచి ఊరు ఉండదని ఇప్పటికీ అంటాను. ఒక చిక్కేంటంటే తేమ. పావుగంటకోసారి కన్ను పెట్టి చూసే ఐపీస్ మీద పొగమంచులా పట్టేసేది, మావయ్య దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని ఒంటి వేడితో ఆరబెట్టేవారు, తుడిస్తే ఊరుకునేవారు కాదు, ఉప్పు ఉంటుంది గీతలు పడతాయని.

వేటకి వెళ్ళే జాలరి ఒకతను రోజూ ఆగేవాడు. "ఏటి బావూ, ఏటి సూత్తన్నారు?" తోకచుక్క అన్నాం. చూసి, "ఇంతేనా" అన్నాడు. తర్వాత మమ్మల్నే ఎదురడిగాడు, "వేగుచుక్క సాయంత్రానికి పోనాది గదా, మల్లీ ఎప్పుడొత్తాది?" ఆ నవంబరులో శుక్రుడు నిజంగానే సాయంత్రం పడమట వెలుగుతున్నాడు. బీచ్ రోడ్డులో ఆపిన కానిస్టేబుల్ కూడా ముందు పైపు చూసి గద్దించాడుగానీ, చంద్రుణ్ణి చూపించాక పది నిమిషాలు వదల్లేదు. వెళ్ళేటప్పుడు "మరి ఇందులో తోకేదండీ" అన్నాడు.

17వ తేదీ ఆదివారం, కార్తీక పౌర్ణమి. ఆ రోజు ఊరి బయటికి పోకుండా ఆర్కే బీచ్‌కే వెళ్ళాం, అత్తయ్యగారు సముద్రస్నానానికి వస్తానన్నారు కాబట్టి. ఒడ్డంతా జనం, అరటి దొప్పల్లో దీపాలు, తడి చీరలు, వెనకాల కైలాసగిరి వైపు నుంచి మైకులో శివస్తోత్రాలు. పడమట పున్నమి చంద్రుడు దిగిపోతున్నాడు, తూర్పున చిత్తా నక్షత్రం లేచింది, దాని పక్కనే ఐసాన్. అంత వెన్నెల్లో తోక ఆనవాలు లేదు. చిన్న ఆకుపచ్చ మసక, నేరుగా చూస్తే మాయమైపోతుంది. "సూటిగా చూడకు, ఓరగా చూడు" అని మావయ్య ఒక్కొక్కరికీ చెప్తున్నారు. ఆ ఓరచూపు పట్టుబడగానే ఒకావిడ "ఆఁ, దూదిలా ఉంది" అని అరిచింది, దాంతో వెనక లైను కట్టేశారు. చేతిలో దీపంతో ఒక పెద్దావిడ, తోకచుక్కకి దణ్ణం పెట్టొచ్చా నాయనా అని అడిగింది. మావయ్య తడుముకోకుండా, "పెట్టమ్మా, అది వెళ్ళేది సూర్యభగవానుడి దగ్గరికే" అన్నారు.

నేను ఐసాన్‌ని కళ్ళారా చూసింది ఆ వారంలోనే. తర్వాత హెలెన్ తుపాను, 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది, మాకు మబ్బులు మిగిల్చింది. అది పోయిందో లేదో లెహర్. 26 కల్లా అతి తీవ్ర తుపాను అయింది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి.

28 మధ్యాహ్నానికి లెహర్ చప్పబడిపోయింది. నడిసముద్రంలోనే బలం పోయి, వాయుగుండంగా మారి మచిలీపట్నం దగ్గర తీరం దాటేసింది. ఊరు ఊపిరి పీల్చుకుంది. మేం మాత్రం రాత్రికి సీతమ్మధారలో మా గదిలో చేరాం. బయట మబ్బు, ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదు, సూర్యుడి పక్కనున్నదాన్ని అర్ధరాత్రి వైజాగ్ నుంచి ఎలాగూ చూడలేం. చూసేదంతా సోహో ఫొటోల్లోనే. సాయంత్రానికి ముందు ఫొటోల్లో ఐసాన్ ఎంత వెలుగుతో ఉందంటే, తల దగ్గర అడ్డంగా ఒక తెల్లటి గీత పడింది. కెమెరా తట్టుకోలేనంత వెలుతురు పడితే పక్క గడుల్లోకి పొంగి అలా గీత వస్తుందని కుర్రాడు చెప్పాడు. మావయ్య కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఇకేయా-సెకి లాగే ఉందిరా" అన్నారు, ఏడాదిగా నమ్మొద్దని చెప్పిన మనిషి!

రెండేళ్ళ కిందట, 2011 డిసెంబరులో, లవ్‌జాయ్ అనే తోకచుక్క ఇంతకన్నా చాలా దగ్గరగా, సూర్యుడి ఉపరితలానికి దాదాపు లక్షా నలభై వేల కిలోమీటర్ల దూరంలోంచి పోయి, చచ్చిందనుకున్నది ఇవతలికి రావడం మేం చూశాం. ఐసాన్ పోయేది దాదాపు 11.6 లక్షల కిలోమీటర్ల దూరంలోంచి. ఆ లెక్కన బతకాలి కదా అని మా ధైర్యం. సెకనుకి 377 కిలోమీటర్ల వేగం, అంటే ఇక్కడ బయల్దేరి ఒకటి అనేలోపు బెజవాడ. వేడి దాదాపు 2,700 డిగ్రీలు, ఇనుము కూడా కరిగిపోయేంత. పైగా అది మంచు, దుమ్ము కలిసిన ముద్ద, కిలోమీటరు అటూఇటూ ఉంటుందేమో.

రాత్రి ముందుకుపోయేకొద్దీ కొత్త ఫొటోలు వచ్చాయి. ముందు గమనించింది కుర్రాడే. ఆ తెల్ల గీత పోయింది. తల గుండ్రంగా లేదు, సన్నబడి మొనదేలింది. వెలుగు పెరగాల్సిన చోట తగ్గుతోంది. ఎవరూ మాట్లాడలేదు, ఫొటో స్టూడియోవాడు మాత్రం మీ కంప్యూటర్ బ్రైట్‌నెస్ తక్కువుంది అన్నాడు. పన్నెండుంబావు దాటింది. నాసా లైవ్‌లో సూర్యుణ్ణి చూసే ఇంకో వ్యోమనౌకని ఆ దారివైపు తిప్పి పెట్టారు, అందులో సూర్యుడి అంచు కనిపిస్తోంది, మంటలు కనిపిస్తున్నాయి, ఐసాన్ కనిపించలేదు. అక్కడున్న శాస్త్రవేత్తల మొహాలు చూస్తేనే అర్థమైంది. అత్తయ్యగారు పంపిన పులిహోర డబ్బా అప్పుడు తెరిచాం. "తుపానూ రాలేదు, ఇదీ రాలేదు" అన్నారు మావయ్య. ఆయనకేమీ బాధ ఉన్నట్టు లేదు, కోహౌతెక్ పరువు కాస్త నిలబడిందన్న తృప్తి కూడా ఉందేమో.

తెల్లారి కుర్రాడు ఫోన్ చేసి అరుస్తున్నాడు, బయటికొచ్చింది, ఏదో బయటికొచ్చింది అని. చూస్తే నిజమే, బిళ్ళకి అవతల విసనకర్రలా విచ్చుకున్న మసక ఒకటి. రెండు రోజులు మళ్ళీ టెన్షన్. లోపలి మంచుముద్ద, అదే కేంద్రకం, ముక్క మిగిలిందని ఒకళ్ళు, వట్టి దుమ్మేనని ఒకళ్ళు. ఆ మధ్యలోనే, డిసెంబరు 1 తెల్లవారకముందే, మంగళయాన్ భూమిని వదిలి అంగారకుడి దారి పట్టింది. ఐసాన్ మసక ఫొటో ఫొటోకీ పలచబడి పోయింది.

అయినా మేం డిసెంబరు 3న మంగమారిపేట వెళ్ళాం. పోలి పాడ్యమి. ఏడాది కిందట వేసుకున్న లెక్క ప్రకారం ఆ పాటికి సముద్రంలోంచి ఐసాన్ తోక లేవాలి. ఆకాశం కడిగినట్టుంది, చంద్రుడు లేడు. ఐసాన్ లేదు. ఉన్నది ఇంకో లవ్‌జాయ్. ముందటి లవ్‌జాయ్‌ని పట్టుకున్న టెర్రీ లవ్‌జాయ్ అనే ఆయనే ఆస్ట్రేలియాలో తన ఇంటి దగ్గర్నుంచి సెప్టెంబరులో పట్టుకున్న కొత్త తోకచుక్క. దాని గురించి ఏ పేపరూ రాయలేదు. ఈశాన్యంలో స్వాతికి ఎడమవైపు, బైనాక్యులర్‌లో పచ్చటి తల, పైకి లేచిన సన్నటి తోక, కాస్త అలవాటుపడ్డాక బైనాక్యులర్ పక్కనపెట్టినా మసకగా తెలుస్తూనే ఉంది. ఐసాన్ మాకెప్పుడూ అంత చూపించలేదు. మావయ్య కళ్ళకి అప్పటికే శుక్లాలు, ఆయనకి టెలిస్కోపులోనే కనిపించింది, చాలాసేపు ఐపీస్ వదల్లేదు.

అందరం ఈశాన్యం చూస్తుంటే ఫొటో స్టూడియోవాడు ఒక్కడు మాత్రం ఆగ్నేయంగా సముద్రపు అంచుకేసి నిలబడ్డాడు. తెల్లవారబోతుండగా అరిచాడు, తోక, తోక అని. మేం తిరిగేసరికి ఏమీ లేదు, కింద సన్నటి మబ్బు చార ఉంది. వాడు కాదంటాడు, నిటారుగా లేచిందంటాడు. ఫొటో ఏదిరా అంటే మెమరీ కార్డు లవ్‌జాయ్‌తో నిండిపోయింది అంటాడు. పెళ్ళికి వెయ్యి ఫొటోలు తీసేవాడికి ఆ రోజే కార్డు నిండింది. డిసెంబరు 18న హబుల్ టెలిస్కోపు ఐసాన్ ఉండాల్సిన చోట వెతికి, ఏమీ లేదని తేల్చేసింది. ఆ సంగతి ఎప్పుడు ఎత్తినా వాడిది ఒకటే జవాబు, "హబుల్ చూసింది 18న, నేను చూసింది 3న." మొన్న వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌లో కూడా ఇదే గొడవ. కుర్రాడు, ఇప్పుడు కుర్రాడేమీ కాదు, లెక్కలు గీసి చూపించబోయాడు, వీడు భోజనాలకి పదమన్నాడు.